కంబాలకొండ గేటు దగ్గర తెల్ల దుప్పటి: ఒక వానాకాలం సీతాకోకచిలుకల, రెక్కల పురుగుల లెక్క

జూన్ 9, 2024, ఆదివారం

విశాఖలో ఉంటూ ఇన్నేళ్లుగా కంబాలకొండకి వెళ్లి వస్తూనే ఉన్నాను. ఫోన్‌లో సీతాకోకచిలుకల ఫోటోలు వేలల్లో ఉన్నాయి. ఏ రోజు తీశానో, ఎక్కడ తీశానో ఫోనే చెబుతుంది. కానీ ఆ రోజు ఆ దారిలో ఏది కనిపించలేదో, కనిపించినవి ఎన్నో, నేను వెతికింది గంటసేపా పది నిమిషాలా అన్నది ఏ ఫోటోలోనూ లేదు. అందంగా ఉన్నవాటిని, కదలకుండా కూర్చున్నవాటిని తీసుకున్నాను. మిగతావి వదిలేశాను. ఈ వానాకాలం నుంచి అలా చెయ్యదలచుకోలేదు. ఒకే దారి, ఒకే వేళ, ఒకే నడక. కళ్లపడిన ప్రతిదీ పుస్తకంలోకి ఎక్కాలి.

నాతో మా మేనకోడలు ఉంది. డిగ్రీలో జువాలజీ చదువుతోంది. పుస్తకం తన చేతిలో, కెమెరా నా చేతిలో.

కంబాలకొండ దాదాపు 71 చదరపు కిలోమీటర్ల అడవి. ఒకప్పుడు విజయనగరం మహారాజులది. 2002 నుంచి వన్యప్రాణి అభయారణ్యం. తూర్పు కనుమల అంచున, ఊరికి ఆనుకుని ఉంటుంది. పక్కనే జూ, జాతీయ రహదారి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖని తాకినప్పుడు ఈ కొండల మీద చెట్లు వరసకి వరస పడిపోయాయి. నీడ పోయిన చోట ఎండ పడింది. ఎండ పడిన చోట తీగలూ పొదలూ లేచాయి. సీతాకోకచిలుకల లెక్క రాసేవాళ్లకి ఇది చిన్న సంగతి కాదు. ఏ మొక్క ఉంటే ఆ మొక్క తినే పురుగు వస్తుంది.

అటవీ శాఖ అనుమతి చేతికి వచ్చాకే మొదలుపెట్టాం. దేన్నీ పట్టం, చంపం, ఇంటికి తేం. పగలు కాలిబాట మీద నడక. రాత్రి పని గేటు పక్కన సిమెంటు అరుగు దగ్గరే. చిరుతలు తిరిగే అడవి కాబట్టి చీకటి పడ్డాక లోపలికి అడుగు పెట్టేది లేదు.

పగటి నడకకి 1970లలో ఇంగ్లండ్‌లోని మాంక్స్ వుడ్‌లో ఎర్నెస్ట్ పొలార్డ్ రూపొందించిన పద్ధతినే తీసుకున్నాం. 1976 నుంచి బ్రిటన్‌లో దేశమంతటా సీతాకోకచిలుకలని ఇలాగే లెక్కపెడుతున్నారు. నడిచేవాడి చుట్టూ ఒక పెట్టె ఉన్నట్టు ఊహించుకోవాలి. ఎడమకి రెండున్నర మీటర్లు, కుడికి రెండున్నర, ముందుకి ఐదు. ఆ పెట్టెలోకి వచ్చినవే లెక్క. పది మీటర్ల అవతల ఎంత అందమైనది ఎగిరినా లెక్కలోకి రాదు. వెనక్కి తిరిగి చూడకూడదు, ఆగి వెతకకూడదు. మాకు కిలోమీటరు దారి ఉంది. 200 మీటర్లకొకటి చొప్పున ఐదు భాగాలు చేశాం. గుర్తుకి ఒక బండ, ఒక మారేడు చెట్టు, ఒక కల్వర్టు, ఒక విరిగిన బెంచీ.

ఇవాళ మొదటి నడక. ఎండ మాడిపోతోంది. ఐదు భాగాలకీ కలిపి 23. అందులో సగానికి పైగా ఒకటో భాగంలో జిల్లేళ్ల దగ్గర ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుకలే. నాలుగో భాగంలో సున్నా. మేనకోడలు సున్నా రాయడానికి వెనకాడింది. "ఖాళీగా వదిలేద్దామా మావయ్యా?" అంది. వద్దన్నాను. ఖాళీ అంటే చూడలేదని. సున్నా అంటే చూశాం, లేవు అని. ఈ రెండూ కలిసిపోతే రేపు ఈ పుస్తకం దేనికీ పనికిరాదు.

జూలై 6, శనివారం

నిన్న అమావాస్య. మొదటి రాత్రి పని ఇవాళే.

సరంజామా రాసిపెడుతున్నాను. పాత నూలు దుప్పటి, తెల్లది. రెండు వెదురు గడలు, నైలాన్ తాడు. చోక్ అక్కర్లేని రకం 160 వాట్ల మెర్క్యురీ బల్బు. గేటు గదిలోంచి పొడుగు వైరు. దుప్పటి మూలన పిన్నుతో గుచ్చిన గళ్ల కాగితం ముక్క. ఈ కాగితం ముఖ్యం. ఫోటోలో పురుగు పక్కన గళ్లు ఉంటే ముందు రెక్క పొడవు తర్వాత కొలుచుకోవచ్చు. కొన్ని జాతులని విడదీసేది ఆ మిల్లీమీటర్లే. పొడుగు చేతుల చొక్కా, కళ్లజోడు కూడా ఉండాలి. మెర్క్యురీ బల్బు వెలుగులో అతినీలలోహిత కిరణాలు ఉంటాయి, దానివైపు నేరుగా చూడకూడదు. చిన్నగా, నలుపు నారింజ పట్టీలతో ఉండే ఒక పురుగు కూడా దీపానికి వస్తుంది. దాన్ని ఒంటిమీద నలిపితే మర్నాటికి బొబ్బలెక్కుతుంది. ఊదెయ్యాలి తప్ప చెయ్యి వెయ్యకూడదు.

గేటు దగ్గర రాత్రి కాపలాకి ఒక పెద్దాయన ఉన్నాడు. మేం తాత అంటాం. దుప్పటి కడుతుంటే వచ్చి నిలబడ్డాడు.

"ఏటి బాబూ, సినిమా ఏత్తారేటి?"

"లేదు తాతా, దీపానికొచ్చే పురుగుల్ని లెక్కపెడతాం."

"పురుగుల్నా? ఎన్నొత్తాయో తెల్సా? మా వీధిలైటు కింద పొద్దున్న సీపురుతో తుడుత్తాం."

నిజమే. ఏడున్నరకి దీపం వేస్తే ఎనిమిదింటికల్లా దుప్పటి మీద ఈసుళ్లు, పేడపురుగులు, గాజురెక్కల చిన్న పురుగులు. మాకు కావలసిన రెక్కల పురుగులు, అంటే ఇంగ్లిషులో మోత్‌లు, తర్వాత వచ్చాయి. పదిన్నరకి ఆపేశాం. 34 రకాలు. పేరు చెప్పగలిగినవి 8. మిగతా 26 ఎదురుగా మేనకోడలు "పే.తె." అని రాసింది, పేరు తెలియదు అని. తన అసంతృప్తి నాకు అర్థమైంది. కానీ ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. సీతాకోకచిలుకలు మన దేశం మొత్తానికీ సుమారు 1,300 జాతులు. రెక్కల పురుగులు 10,000 దాటి ఉన్నాయి. వాటిలో చాలావాటిని ఫోటో చూసి తేల్చలేం. పొట్ట చివరి భాగాన్ని కోసి మైక్రోస్కోపు కింద చూడాల్సిందే. మేం చంపం కాబట్టి అలాంటివాటిని కుటుంబం పేరుతోనో, ప్రజాతి పేరుతోనో ఆపేస్తాం. తెలియనిదానికి తెలిసినట్టు పేరు రాయడం కన్నా "పే.తె." ఎన్నో రెట్లు నయం.

జూలై 21, ఆదివారం

ప్రపంచవ్యాప్తంగా జాతీయ మోత్ వారం నడుస్తోంది. 2012లో అమెరికాలో మొదలైంది. ఏటా జూలై చివర్లో చేస్తారు. ఈసారి నిన్నటి నుంచి 28 దాకా. నేను నెలరోజులుగా దీనికోసం ఎదురుచూస్తున్నాను. తీరా చూస్తే ఇవాళ గురుపౌర్ణమి. నిండు వెన్నెల్లో దీపం దగ్గరికి వచ్చేవి బాగా తగ్గిపోతాయి. వాయుగుండం వల్ల మబ్బు ఉంది కదా, చంద్రుడు దాక్కుంటాడని ఆశపడ్డాను.

మబ్బుతో పాటు చినుకూ వచ్చింది. గొడుగు పట్టేలోపే నాలుగు చుక్కలు కాలుతున్న బల్బు మీద పడ్డాయి. టప్‌మని పగిలింది. గాజు ముక్కలు అరుగంతా. మేనకోడలు అప్పటికే దుప్పటి అవతలి వైపు ఉండటంతో దెబ్బ తగల్లేదు. ఆ క్షణం నా గుండె ఆగినంత పనైంది. తప్పు పూర్తిగా నాది. ఈ బల్బు గాజు సలసలా కాగి ఉంటుంది, నీటి చుక్క పడితే తట్టుకోదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా మోత్ వారం పోతుందన్న ఆత్రంలో చినుకులో దీపం వేశాను. మూడు నియమాలు పుస్తకం అట్ట లోపల రాశాం: వాన మబ్బుంటే మెర్క్యురీ బల్బు వెయ్యం. వేసిన రోజున పైన రేకు కట్టాకే వేస్తాం. దీపం చుట్టూ మీటరు దూరంలో ఎవరూ కూర్చోరు.

వానరోజుల కోసం బ్యాటరీతో నడిచే అతినీలలోహిత ఎల్‌ఈడీ పట్టీ ఒకటి కొన్నాను. వేడెక్కదు. దాని వెలుగుకి తక్కువ వస్తాయి. అందుకని దాని లెక్కల్ని మెర్క్యురీ లెక్కల్తో కలపకుండా వేరే పేజీలో రాస్తున్నాం.

ఆగస్టు 3, శనివారం

రేపు అమావాస్య. ఉక్క, గాలి లేదు, సాయంత్రం జల్లు పడి వెలిసింది. రెక్కల పురుగులకి ఇంతకన్నా మంచి రాత్రి ఉండదు. ఏడుంబావు నుంచి పదింబావు దాకా మూడు గంటల్లో 63 రకాలు.

తిప్పతీగ పొదల వైపు నుంచి ఒకటి వచ్చి దుప్పటి అంచున వాలింది. ముందు రెక్కలు ఎండుటాకు రంగు. ఫ్లాష్‌కి బెదిరి రెక్కలు విప్పితే వెనక రెక్కలు పచ్చి పసుపు, మధ్యలో నల్ల మచ్చ. యూడోసిమా. దీని గొంగళిపురుగు తిప్పతీగ ఆకు తింటుంది. రెక్కలొచ్చాక గట్టి తొండంతో బత్తాయి, నిమ్మ కాయల్ని పొడిచి రసం పీలుస్తుంది. మామూలు రెక్కల పురుగు తొండం తేనె పీల్చడానికే పనికొస్తుంది. దీనిది కాయ తొక్కని చీల్చేలా పళ్లూ ముళ్లూ ఉన్న తొండం.

తొమ్మిదింటికి క్రియాటోనోటోస్ గాంగిస్ మగది. తెల్లటి రెక్కల మీద నల్ల గీతలు, ఎర్రటి పొట్ట. చూస్తుండగా దాని పొట్ట చివర నుంచి నాలుగు వెంట్రుకల గొట్టాలు గాలి ఊదినట్టు ఉబ్బి బయటికి వచ్చాయి, దాని ఒంటి కన్నా పొడుగ్గా. మేనకోడలు కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. ఆడదాన్ని పిలవడానికి ఆ గొట్టాల నుంచి వాసన వదులుతుంది. అవి ఎంత పెద్దవిగా ఉబ్బుతాయన్నది ఆ మగది గొంగళిపురుగుగా ఉన్నప్పుడు తిన్న మొక్కల్లో ఒకరకం చేదు విషం ఎంత ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. చిన్నప్పుడు తిన్న తిండి పెద్దయ్యాక వాసనగా తేలుతుంది. ఫోటో సరిగ్గా రాలేదు. రెండు నిమిషాల్లో గొట్టాలు లోపలికి వెళ్లిపోయాయి. పుస్తకంలో మాత్రం ఉంది, 9:04 అని.

తాత కూడా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. బూడిదరంగులో ఉన్నదాన్ని ఒకదాన్ని చూపించి "ఇది దాసరి పురుగు కాదేటి?" అన్నాడు. అదే. ఆముదం చేలల్లో దాసరి పురుగు అంటారే, దాని రెక్కల రూపం అది, అకేయా జనటా. వెనక రెక్కల మీద నలుపు తెలుపు పట్టీలు. తాతకి సొంతంగా ఆముదం చేను ఉండేదట. లద్దె పురుగుని కూడా గుర్తుపట్టాడు, పొగాకు లద్దె పురుగు రెక్కల రూపం. మేం ఫోన్‌లో పేర్లు వెతుక్కుంటుంటే ఆయన మూడు పేర్లు తెలుగులో చెప్పాడు.

ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించాను. ఆ మూడూ పంట తినేవే. వరికి కాండం తొలిచేది, వేరుశనగకి ఎర్ర గొంగళిపురుగు, మొక్కజొన్నకి కత్తెర పురుగు, పత్తికి గులాబీ రంగు పురుగు, శనగకి పచ్చ పురుగు. ఎక్కువగా మన నోటికి నష్టం చేసినదానికే తెలుగులో పేరుంది. ఇవాళ దుప్పటి మీదున్న 63లో 55 మన పంటల జోలికి రావు. వాటికి పేరు లేదు. అసలు మొత్తం గుంపుకే ఒక ఒప్పుకున్న పేరు లేదు. నిఘంటువులో చిమ్మట అని ఉంది. పద్యాల్లో శలభం. వ్యవసాయ శాఖ కరపత్రాల్లో రెక్కల పురుగు. మా ఇంట్లో దీపం పురుగు. నేను రెక్కల పురుగు అనే రాస్తున్నాను, వింటే తాతకి అర్థమయ్యే మాట అదే.

ఇంగ్లిషులో వీటిని వివరంగా ఒకచోట చేర్చింది జార్జ్ హ్యాంప్సన్. ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా వరసలో రెక్కల పురుగుల మీద నాలుగు సంపుటాలు, 1892 నుంచి 1896 దాకా. ఇప్పటికీ పేరు తేల్చుకోవడానికి దాని పేజీలు తిరగేస్తూనే ఉన్నారు. తెలుగులో కనీసం వంద రకాలకైనా పిలుచుకునే పేర్లు ఉంటే బాగుండునని నా కోరిక. మేనకోడలు పుస్తకం చివర ఒక పేజీ విడిచిపెట్టింది. మా పనికోసం మేం పెట్టుకున్న పేర్లు ఆ పేజీలో రాస్తాం, శాస్త్రీయ నామం పక్కనే. యూడోసిమాకి "తిప్పతీగ పసుపు" అని రాసుకున్నాం. తినే మొక్క పేరు కలిపితే గుర్తూ ఉంటుంది, ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది.

ఆగస్టు 18, ఆదివారం

పగటి నడక. 141. వానలు పట్టాక లెక్క ఎలా పెరిగిందో చూస్తుంటే సంతోషంగా ఉంది. తంగేడు, రేల చెట్ల దగ్గర ఎమిగ్రెంట్లు గుంపులు గుంపులు. గడ్డిలో గ్రాస్ ఎల్లోలు.

ఒక తప్పు దిద్దాలి. జూన్ 9న ఒకటో భాగంలో ప్లెయిన్ టైగర్ అని రాసిన వాటిలో ఒకటి కాదు. ఫోటో మళ్లీ చూస్తే వెనక రెక్క మీద ఒకే నల్ల మచ్చ ఉంది. ప్లెయిన్ టైగర్‌కి మూడు నాలుగు ఉంటాయి. ఇది డనేయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది. జిల్లేడు పాలు తిని పెరిగిన ప్లెయిన్ టైగర్ పిట్టలకి చేదు. ఎగ్‌ఫ్లై గంగపావిలి తిని పెరుగుతుంది, దానికి చేదు లేదు. అందుకే చేదుగా ఉండేదాని వేషం వేసుకుని తిరుగుతుంది. ఫోటో తీసిన దాన్ని దిద్దగలిగాను. తియ్యనివాటిలో ఇంకెన్ని ఎగ్‌ఫ్లైలు ఉన్నాయో. ఇకమీద ప్లెయిన్ టైగర్ గుంపుగా కనిపిస్తే వెనక రెక్క చూశాకే రాస్తాం.

మూడో భాగంలో, మారేడు చెట్టు దాటాక, కుడివైపు కంచె కంపకి అల్లుకున్న ఒక తీగ ఉంది. ఈశ్వరి. దాని ఆకు అడుగున క్రిమ్సన్ రోజ్ అనే సీతాకోకచిలుక గొంగళిపురుగులు ఆరు. నలుపులో ఊదా కలిసిన మఖమలు ఒళ్లు, ఎర్రటి కండ మొటిమలు. మా దారి మొత్తంలో ఈశ్వరి తీగ ఇదొక్కటే. క్రిమ్సన్ రోజ్, కామన్ రోజ్ రెండూ ఈ జాతి తీగల మీదే గుడ్లు పెడతాయి. వేరే మొక్క పెడితే వాటి పిల్లలు తినవు. ఆ తీగలో ఉన్న విషమే వాటి కవచం.

ఇక్కడితో ఆగదు. మన పెరటి కరివేపాకు మీద పెరిగే కామన్ మార్మన్ ఆడదానికి మూడు రూపాలు. ఒకటి మగదానిలాగే నల్లగా ఉంటుంది. ఒకటి కామన్ రోజ్‌లా, ఒకటి క్రిమ్సన్ రోజ్‌లా. ఆ అనుకరణకి మూలం డబుల్‌సెక్స్ అనే ఒక్క జన్యువని 2014లో కృష్ణమేఘ్ కుంటే, ఆయన సహచరులు తేల్చారు. కరివేపాకు తిని పెరిగిన చిలుక, ఈశ్వరి తిన్నదాని రంగులు పూసుకుని పిట్టల నుంచి తప్పించుకుంటుంది. ఈశ్వరి తీగ పోతే రోజ్‌లు పోతాయి. రోజ్‌లు లేని చోట ఆ రంగులకి ఉన్న రక్షణ కూడా పల్చబడుతుంది. ఇవాళ మూడో భాగంలో ఒరిజినల్, నకలు రెండూ పక్కపక్కనే ఒకే లాంటానా పొద మీద ఉన్నాయి. తేడా ఒంటి రంగులో ఉంది. రోజ్‌కి ఒళ్లు ఎరుపు, మార్మన్‌కి నలుపు.

సెప్టెంబరు 1, ఆదివారం

నడవలేదు. నిన్న రాత్రి వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. వాన ఆగలేదు. విజయవాడలో బుడమేరు ఇళ్లమీదికి వచ్చిందని టీవీలో చూస్తూ కూర్చున్నాం. అక్కడ మా పెద్దమ్మ వాళ్లున్నారు. రాత్రంతా టెన్షన్, తెల్లారాక ఫోన్ కలిసింది, మేడ మీద క్షేమంగా ఉన్నారు. పుస్తకంలో ఈ ఆదివారం గడి ఖాళీ. సున్నా కాదు.

సెప్టెంబరు 15, ఆదివారం

చవితి వారంలో మళ్లీ వాన. ఇవాళ ఎండ కాసింది. 212, ఇప్పటిదాకా అన్నింటికన్నా ఎక్కువ.

కల్వర్టు దగ్గర ఎండిన గిలకకాయ మొక్కల మీద బ్లూ టైగర్, కామన్ క్రో సీతాకోకచిలుకలు దట్టంగా వాలి ఉన్నాయి. పువ్వు లేదు, తేనె లేదు. ఎండిన కాడల్ని గోకి పీలుస్తున్నాయి. దాదాపు అన్నీ మగవే. ఆగస్టులో దుప్పటి మీద చూసిన క్రియాటోనోటోస్ సంగతి గుర్తొచ్చింది. ఇదీ అలాంటి చేదు విషమే. వీటికి గొంగళిపురుగు దశలో దొరకదు, పెద్దయ్యాక ఇలా మొక్కల నుంచి తెచ్చుకుంటాయి. ఆడదాన్ని ఆకర్షించే వాసన దాంతోనే తయారవుతుంది. దక్షిణాదిలో ఈ బ్లూ టైగర్లు, క్రోలు వానలతో పాటు తూర్పు కనుమలకీ పడమటి కనుమలకీ మధ్య గుంపులుగా ఎగిరిపోతుంటాయి. మావి ఎటు వెళ్తున్నాయో ఒక్క దారి లెక్కతో చెప్పలేం. అందుకే ఈ రోజు నుంచి ఎగిరే దిక్కు కూడా రాస్తున్నాం.

అక్టోబరు 5, శనివారం

రాత్రి పని. 48 రకాలు. ఒలియాండర్ హాక్ మోత్ వచ్చింది. ఆకుపచ్చ, గులాబీ కలిసిన ఆ రంగుని నేను మాటల్లో పెట్టలేను. దీని పిల్ల మన వాకిట్లో గన్నేరు, నందివర్ధనం తిని పెరిగేదే. పెద్ద కళ్లలాంటి నీలి మచ్చలతో ఉండే ఆ లావుపాటి పురుగుని చూసి భయపడి చీపురు తియ్యనివాళ్లు తక్కువ. తాత కూడా అలాగే తీసేవాడట. ఇవాళ దీని పెద్ద రూపాన్ని చేతికి అంత దగ్గరగా చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

వాటంతట అవి దీపం చుట్టూ ఎందుకు తిరుగుతాయని మేనకోడలు అడిగింది. పురుగుకి దీపం మీద ప్రేమ అని మన కవులు వందల ఏళ్లుగా చెబుతూ వచ్చారు. ఈ ఏడాది జనవరిలో శామ్యూల్ ఫేబియన్, యశ్ సోంధి, వాళ్ల బృందం వేగంగా తీసే కెమెరాలతో చూసి ఇంకోటి చెప్పారు. ఎగిరే పురుగు తన వీపుని వెలుగు వైపు తిప్పి ఉంచుకుంటుంది. కోట్ల ఏళ్లుగా రాత్రిపూట వెలుగున్న వైపే ఆకాశం, అంటే పైవైపు. దీపం పక్కన ఎగురుతూ దానికి వీపు తిప్పితే ఒళ్లు పక్కకి వాలిపోతుంది, దారి వంగి గుండ్రంగా తిరగడం మొదలవుతుంది. పైన ఎగిరితే తలకిందులై పడిపోతుంది. మా దుప్పటి పక్కన కూర్చుని చూస్తే సరిగ్గా అదే. వచ్చి వాలేవి కొన్నే, పల్టీ కొట్టి పడేవే ఎక్కువ. దిక్కు తెలియక అవస్థపడుతున్నాయి.

ఇది తెలిశాక దీపం ముందు ఇంతసేపు కూర్చోవడం నాకు ఇబ్బందిగా ఉంది. రాత్రంతా దీపం వెయ్యడం మేం ఎప్పుడూ చెయ్యలేదు, ఇకపై రెండు గంటలకి మించి వెయ్యం. అదీ నెలకి ఒక రాత్రే. రహదారి దీపాలు మాత్రం ఏ రాత్రీ ఆగవు. అడవి అంచంతా తెల్లని ఎల్‌ఈడీ వెలుగు. ఆ స్తంభాల కింద పొద్దున్న పసులపోలిగాళ్లు, పిగిలిపిట్టలు వరసలో కూర్చుని రాత్రి వాలినవాటిని ఏరుకు తింటాయి. మా దుప్పటి దగ్గరికీ ఒకసారి వచ్చాయి. అప్పటి నుంచి దీపం ఆపగానే దుప్పటి మీదున్న వాటిని ఒక్కొక్కటిగా అట్టముక్క మీద ఎక్కించుకుని పొదల్లో వదిలాకే దుప్పటి మడుస్తున్నాం. దానికి అరగంట పడుతుంది.

అక్టోబరు 27, ఆదివారం

మూడో భాగం. మారేడు చెట్టు దాటాక కుడివైపు అంతా శుభ్రంగా ఉంది. కంప లేదు, తీగ లేదు. కార్తీక మాసం వస్తోంది, వనభోజనాలకి జనం వస్తారని దారికి రెండువైపులా కత్తితో కొట్టి శుభ్రం చేశారు. కొట్టిన కుప్పలో ఈశ్వరి తీగ వాడి వేలాడుతోంది. కుప్పలో నాలుగు గొంగళిపురుగులు బతికున్నాయి, ఎండిన ఆకు మీద.

మేనకోడలు ఏడ్చేసింది. నాకూ నోట మాట రాలేదు. ఏం చెయ్యాలో ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. అభయారణ్యంలోంచి దేన్నీ బయటికి తీసుకెళ్లం అని మాట ఇచ్చాం. తీసుకెళ్లలేదు. కుప్పలో ఇంకా పచ్చగా ఉన్న తీగ కొసల్ని ఆ పురుగులతో సహా పక్క పొద నీడలోకి జరిపాం. అంతకన్నా ఏమీ చెయ్యలేకపోయాం. మిగిలిన నడక పూర్తి చేశాం, 118.

కొట్టినవాళ్ల మీద కోపం తెచ్చుకోవడానికి లేదు. వాళ్లకది ముళ్లకంపకి పట్టిన పిచ్చితీగ. ఆ తీగ ఎక్కడుందో ఆగస్టు 18 నుంచి మా పుస్తకంలో ఉంది. పుస్తకం మా ఇంట్లో ఉంది. గేటు దగ్గర ఒక్కరికైనా మేం చెప్పి ఉండాల్సింది. రెండు నెలలు చెప్పలేదు. ఈ ఏడాది చేసిన తప్పుల్లో నన్ను బాగా బాధపెడుతున్నది ఇదే, పగిలిన బల్బు కన్నా.

అక్టోబరు 31, గురువారం

దీపావళి అమావాస్య. దీపం వెయ్యలేదు. ఊరంతా పొగ, చప్పుడు, ఈ లెక్క దేనితోనూ పోల్చడానికి రాదు. మా బాల్కనీ ప్రమిద దగ్గరికి ఒకే ఒక చిన్న రెక్కల పురుగు వచ్చింది. పే.తె.

నవంబరు 10, ఆదివారం

వనభోజనాల జనం. నడక ఏడున్నరకే మొదలుపెట్టాం, ఎండ రాకముందే కాబట్టి లెక్క తక్కువ, పక్కన ఆ సంగతి రాశాం.

ఒక పెద్ద అట్ట మీద మా కిలోమీటరు దారి గీసుకుని తెచ్చాను. ఐదు భాగాలు, ఏ మొక్క ఎక్కడుందో, దాని మీద ఏది పెరుగుతుందో. తెలుగులోనే, పెద్దక్షరాల్లో. ఈశ్వరి, క్రిమ్సన్ రోజ్. జిల్లేడు, ప్లెయిన్ టైగర్. తిప్పతీగ, తిప్పతీగ పసుపు. తంగేడు, ఎమిగ్రెంట్. అధికారుల అనుమతితో గేటు గది గోడకి తగిలించాం. తాత దాని ముందు నిలబడి చదివాడు.

"ఈ ఈశ్వరి మాకు తెల్సు బాబూ. మా అయ్య పాంకాటుకి నూరీవోడు. సిలకలు తింటాయని నాకు తెల్దు." కాసేపు ఆగి, "సెప్పాలి కదేటి మరి ముందే," అన్నాడు.

చెప్పాలి. మందు సంగతి ఎలా ఉన్నా, తీగ పేరు ఆయనకి తెలుసు, మాకు దాని మీద పెరిగేది తెలుసు. మధ్యలో ఒక్క మాట నడవలేదు.

మూడో భాగంలో తీగ మొదలున్న చోట చుట్టూ నాలుగు రాళ్లు పెట్టాడు తాత. సున్నం కూడా పూస్తానన్నాడు.

నవంబరు 24, ఆదివారం

మూడో భాగంలో క్రిమ్సన్ రోజ్ సున్నా. ఆగస్టు నుంచి ఆ భాగంలో అవి లేని మొదటి నడక ఇదే. పక్క పొద నీడలోకి జరిపిన కొసలు పూర్తిగా ఎండిపోయాయి. పురుగులు లేవు. ప్యూపాగా మారడానికి ఎటైనా వెళ్లాయో, చీమలు పట్టుకెళ్లాయో చూసినవాళ్లు లేరు. గడిలో 0 అని రాసింది మేనకోడలు, ఈసారి అడగకుండానే.

సాయంత్రం పొద్దుగూకాక గేటు దగ్గర ఈవెనింగ్ బ్రౌన్ సీతాకోకచిలుకలు. రెక్కల అడుగున కళ్ల మచ్చలు మాయమయ్యాయి. వానాకాలంలో ఆ మచ్చలు స్పష్టంగా ఉన్నాయి. చలికాలంలో పుట్టినవి అచ్చం ఎండుటాకులు. కాలం మారిందని క్యాలెండర్ కన్నా ముందు ఇవి చెప్పాయి.

డిసెంబరు 1, ఆదివారం

పొద్దున్న గేటు దగ్గరికి రాగానే తాత ఒక కాగితం ఇచ్చాడు. రిజిస్టరులోంచి చించిన వెనక పేజీ. పెన్సిలుతో రాశాడు: "గురువారం రాత్రి. గేటు లైటు. దాసరి పురుగు 2. గన్నేరుది 1. పేరు తెల్దు 9. వాన లేదు. గాలి లేదు." మేనకోడలు దాన్ని పుస్తకంలో అతికించి, పక్కన తేదీ వేసి, లెక్కరాసినవారు అనే గడిలో "తాత" అని రాసింది.

నడకలో 96. మూడో భాగంలో నాలుగు తెల్ల రాళ్ల మధ్య నేలలోంచి ఈశ్వరి రెండు చిగుళ్లు వేసింది. వేరు బతికే ఉంది. పొడుగైన చిగురు జానెడు కూడా లేదు. పొలార్డ్ పద్ధతి ప్రకారం నడకలో ఆగకూడదు. నడక పూర్తిచేసి, వెనక్కి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని చూశాం. రెండో ఆకు అడుగున నారింజ ఎరుపులో ఆవగింజంత గుడ్డు ఒకటి ఉంది. మేనకోడలు గళ్ల కాగితం పక్కన పెట్టి ఫోటో తీసింది. ఆ చిగురు ఒక పురుగుకి కూడా సరిపోదు. వచ్చే ఆదివారం దాకా ఎదగాలి. రోజూ పొద్దున్న ఒకసారి చూసి ఆకులు లెక్కపెడతానని తాత అన్నాడు. పెన్సిలు, గళ్ల కాగితం ఆయనకి ఇచ్చి వచ్చాం.